పండుగ సెలవుల యాక్టివిటీ ప్యాక్: 42 షీట్లలో నాకు పనికొచ్చినవి

సెలవులు ఇంకో వారం ఉన్నాయనగానే మా ఏడో తరగతి పిల్లలకు పాఠం మీద మనసు నిలవదు. "టీచర్, ఇవాళ పాఠం వద్దు టీచర్" అని నేను గుమ్మం దాటకముందే మొదలుపెడతారు. పన్నెండేళ్లుగా లెక్కలూ సైన్సూ చెబుతున్నాను. ఆ వారం ఏం చేయించాలా అన్న టెన్షన్ ఏటా ఉండేదే. గట్టిగా పాఠం చెబితే ఎవరి చెవికీ ఎక్కదు. ఊరికే వదిలేస్తే ఐదు రోజులు గాలికి పోతాయి.

ఈసారి ఆన్‌లైన్‌లో ఒక పండుగ యాక్టివిటీ ప్యాక్ కొన్నాను. పేరు రాయడం లేదు. ఇలాంటివి చాలా దొరుకుతున్నాయి, లోపల ఉండే సరుకు కూడా ఇంచుమించు ఒకటే. మొత్తం 42 షీట్లు, క్లాసులో కట్టుకునే తోరణాలు, పోస్టర్లు, టీచర్ కోసం ఎనిమిది పేజీల గైడు, జవాబుల పట్టిక. అన్నీ మనమే ప్రింట్ తీసుకోవాలి. 40 మంది పిల్లలతో ఐదు రోజుల్లో 14 షీట్లు చేయించాను. వచ్చే ఏడాది మళ్లీ బయటికి తీసేవి ఆరు.

ముందు పనికిరాని వాటి సంగతి చెప్పేస్తాను. 11 షీట్లు రంగులు వేసేవి. లెక్క చేసి, వచ్చిన అంకెను బట్టి ఆ గడిలో రంగు నింపాలి. పిల్లలు బుద్ధిగా కూర్చుంటారు, క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది, ఎవరు చూసినా ఎంత బాగా చేస్తున్నారో అనుకుంటారు. మొదటి రోజు నేనూ అలాగే అనుకున్నాను. మూడో బెంచీలో కూర్చునే ఒక పాపను గమనించి గడియారం చూశాను. షీటులో ఉన్న 12 లెక్కలకు ఆ పిల్లకు పట్టిన సమయం ఆరు నిమిషాలు. పీరియడ్‌లో మిగతాదంతా క్రేయాన్లకే పోయింది. పైగా బొమ్మలో ఆకు కనిపిస్తూనే ఉంది కాబట్టి ఆకుపచ్చ వేసేస్తారు, దీపం కనిపిస్తే పసుపు వేసేస్తారు. లెక్క తప్పినా బొమ్మ సరిగ్గానే వస్తుంది. ఎవరికి భిన్నాలు రాలేదో తెలుసుకోవడానికి నాకు దారే లేకుండా పోయింది.

వర్డ్ సెర్చ్‌లు నాలుగున్నాయి. వీటి మీద నాకు ఇంకా ఎక్కువ ఫిర్యాదు ఉంది. మొదటిది, తెలుగు గళ్లను సాఫ్ట్‌వేర్‌కు వదిలేసినట్టున్నారు. కొన్ని పదాల్లో వత్తులు వేరే గడిలోకి జారిపోయాయి. అక్షరం ఒక గడిలో, దాని వత్తు పక్క గడిలో ఒంటరిగా వేలాడుతూ ఉంటే పిల్లవాడు పదాన్ని ఎలా పట్టుకుంటాడు? గుణింతంతో, వత్తుతో కలిపి ఒక అక్షరానికి ఒక గడి. మన గళ్లనుడికట్టు నింపిన వాళ్లందరికీ తెలిసిన విషయం ఇది. రెండోది, వత్తులన్నీ సరిగ్గా ఉన్నా వర్డ్ సెర్చ్‌లో పదం అర్థంతో పని లేదు. "బాష్పీభవనం" అంటే ఏమిటో తెలియని పిల్లవాడు కూడా "బా" ఎక్కడుందో వెతికి పదం చుట్టూ సున్నా చుట్టేస్తాడు.

అందుకే రెండో రోజు అవే పదాలతో నేను గళ్లనుడికట్టు తయారుచేశాను. ఆధారం చదివి, పదాన్ని తలలోంచి తీయాలి. ఇది నా సొంత పిచ్చి కాదు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. చదివిన దాన్నే మళ్లీ మళ్లీ చదివిన వాళ్ల కంటే, పుస్తకం మూసి గుర్తు చేసుకుని రాసిన వాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మాత్రం మళ్లీ చదివిన వాళ్లదే పైచేయి. సెలవుల ముందు చేయించే పనికి మనకు కావలసింది ఐదు నిమిషాల జ్ఞాపకం కాదు కదా.

తోరణాలు, పోస్టర్లు చాలా అందంగా ఉన్నాయి. పిల్లలే కత్తిరించి కట్టారు. గైడులో మాత్రం బోర్డు చుట్టూ కట్టమని ఉంది, అది వద్దు. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠాలు గోడల నిండా బొమ్మలున్న గదిలో, కొన్ని ఖాళీ గోడల గదిలో చెప్పి చూశారు. ఖాళీ గదిలో చెప్పిన పాఠాలకు 55 శాతం జవాబులు సరిగ్గా వచ్చాయి, అలంకరించిన గదిలో చెప్పిన వాటికి 42 శాతమే. మా పిల్లలు వాళ్ల కంటే పెద్దవాళ్లే, అయినా తోరణాలన్నీ వెనక గోడకు కట్టించాను. లోపలికి వస్తున్నప్పుడూ బయటికి వెళ్తున్నప్పుడూ చూసుకుని మురిసిపోయారు. పాఠం వేళ కళ్లు బోర్డు మీదే ఉన్నాయి.

ఇక నన్ను నిజంగా సంతోషపెట్టిన షీట్లకు వస్తాను.

17వ షీటు పేరు "చీటీల బహుమతి". ఒక గుంపులో అందరి పేర్లూ చీటీల మీద రాసి డబ్బాలో వేస్తారు. ఒక్కొక్కరూ ఒక చీటీ తీసి, అందులో ఎవరి పేరు వస్తే వాళ్లకు బహుమతి ఇస్తారు. ఎవరి పేరు వాళ్లకే వస్తే ఆట చెడినట్టే. ప్రశ్న ఒక్కటే: ఎవరికీ తమ పేరు రాకుండా ఉండే అవకాశం ఎంత?

ఈ షీటుకు నేను రెండు పీరియడ్లు ఇచ్చాను, ఇచ్చినందుకు ఇప్పటికీ తృప్తిగా ఉంది. ముందు పిల్లల్ని ఊహించమన్నాను. గుంపు పెద్దదయ్యే కొద్దీ ఎవరి చీటీ వాళ్లకు వచ్చే అవకాశం తగ్గుతుంది కాబట్టి 40 మంది ఉంటే ఆట దాదాపు ఎప్పుడూ చెడదని సగం మంది అన్నారు. మిగతా సగం, అంతమందిలో ఎవరికో ఒకరికి తప్పకుండా వస్తుందన్నారు. రెండు వాదనలూ వినడానికి బాగానే ఉన్నాయి. తర్వాత ఐదుగురు చొప్పున ఎనిమిది గుంపులు చేసి, ఒక్కో గుంపును 20 సార్లు చీటీలు తీయమన్నాను. మొత్తం 160 సార్లు. ఆట చెడకుండా సాగింది 61 సార్లు. ఒక గుంపుకు 4 సార్లే వచ్చింది, ఇంకో గుంపుకు 11 సార్లు. "వాళ్లు దొంగాట ఆడారు టీచర్" అని పెద్ద గొడవ. ఆ గొడవ సద్దుమణిగేలోపే నమూనా చిన్నదైతే ఫలితం ఎంత ఊగుతుందో అందరికీ అర్థమైంది.

రెండో పీరియడ్‌లో కాగితం మీద లెక్క. ముగ్గురైతే చీటీలు 6 రకాలుగా పడతాయి, వాటిలో ఎవరికీ తమ పేరు రానివి 2. నలుగురైతే 24 రకాలు. అవన్నీ రాసి లెక్కపెట్టమన్నాను. కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి, ఎప్పుడూ చేయి ఎత్తని పిల్ల, లేచి "టీచర్, నాకు 9 వస్తోంది" అంది. జవాబుల పట్టికలో 8 అని ఉంది. ఇంకోసారి చూడమ్మా అన్నాను. మళ్లీ రాసింది, మళ్లీ 9. బోర్డు మీదికి పిలిచి 24 వరసలూ రాయించాను. క్లాసంతా కలిసి కొట్టేస్తూ వచ్చాం. మిగిలినవి తొమ్మిదే. అచ్చులో ఉన్నది తప్పు, ఆ అమ్మాయి చెప్పింది ఒప్పు. ఆ రోజు సాయంత్రం ఆ పిల్ల ముఖంలో వెలుగు నేను మరచిపోను.

ఐదుగురికి 120లో 44, ఆరుగురికి 720లో 265 అని చివర నేను చెప్పాను. క్యాలిక్యులేటర్లలో భాగించి చూశారు. 37.5 శాతం, 36.7 శాతం, 36.8 శాతం. గుంపు ఎంత పెరిగినా 36.8 దగ్గరే నిలబడిపోతుంది. 40 మందికైనా అంతే. మా 61 సార్లు కూడా 38 శాతమే కదా అని వాళ్లే చెప్పారు. 1708లో మోన్‌మోర్ అనే ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త పేకముక్కల ఆటలో ఈ ప్రశ్న వేసుకున్నాడని చెబితే, మూడు వందల ఏళ్ల కిందటి లెక్కా ఇది అని ఆశ్చర్యపోయారు.

ఈ షీటు ఎందుకు నిలబడిందో తర్వాత ఆలోచించాను. రంగుల షీటులో పండుగ బొమ్మ తీసేసి ఏనుగు బొమ్మ పెట్టినా తేడా ఉండదు, ఆ లెక్కకూ ఆ పండుగకూ సంబంధం లేదు. చీటీల షీటులో మాత్రం బహుమతులు ఇచ్చిపుచ్చుకోవడంలోంచే లెక్క పుట్టింది. పిల్లల మనసు సరదా మీదికి పోయినా ఆ సరదాలోనే లెక్క ఎదురవుతుంది. మిగతా షీట్లన్నిటినీ నేను ఈ కొలతతోనే ఏరుకున్నాను.

23వ షీటు కొవ్వొత్తిది. మూడు సైజుల గాజు సీసాలు తీసుకుని, వెలిగే కొవ్వొత్తి మీద ఒక్కోటి బోర్లించి ఎన్ని సెకన్లకు ఆరిపోతుందో చూడాలి. నిప్పు కాబట్టి 40 మందికీ వద్దని నా బల్ల మీద ఒక్కటే పెట్టాను. పక్కన బకెట్టు నీళ్లు, జడలున్న ఆడపిల్లలందరూ వెనక్కి. అర లీటరు సీసాలో 14 సెకన్లు, లీటరు సీసాలో 27, రెండు లీటర్ల దానిలో 51. గ్రాఫు గీసి, మూడు లీటర్ల సీసాకు ఎంత పడుతుందో ముందే చెప్పమన్నాను. ఎక్కువ మంది 75 దగ్గర గీత కలిపారు. స్టాఫ్ రూమ్‌లోంచి పెద్ద సీసా తెచ్చి బోర్లించాం. 71 దగ్గర ఆరిపోయింది. క్లాసంతా గట్టిగా సెకన్లు లెక్కపెడుతుంటే పక్క క్లాసు సార్ వచ్చి తొంగి చూశారు.

ఇంత మంచి ప్రయోగానికి షీటులో ఇచ్చిన వివరణ మాత్రం తప్పు. "సీసాలోని ఆక్సిజన్ అంతా అయిపోయింది కాబట్టి దీపం ఆరింది" అని రాశారు. అలా జరగదు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంటుంది. అది దాదాపు 16 శాతానికి తగ్గేసరికే కొవ్వొత్తి మంట నిలవలేదు. అంటే ఆరిపోయిన సీసాలో ఆక్సిజన్ ఇంకా చాలానే మిగిలి ఉంటుంది. ఈ తప్పు చాలా చోట్ల కనబడుతుంది కాబట్టే ఒకసారి పిల్లల తలలోకి వెళితే తీయడం కష్టం. ఆ రెండు లైన్ల మీద తెల్లకాగితం అంటించి జిరాక్స్ తీయించాను.

ఇంకో ప్రయోగం నా తరఫున కలిపాను. కొవ్వొత్తిని ఊది ఆర్పగానే తెల్లటి పొగ తీగలా పైకి లేస్తుంది. వెలిగించిన అగ్గిపుల్లను ఒత్తికి తగలనివ్వకుండా, కాస్త పైన ఆ పొగలో పెడితే చాలు, మంట పొగ వెంట కిందికి దూకి ఒత్తి అంటుకుంటుంది. నాలుగుసార్లు చూపించమన్నారు. మండేది ఒత్తి ఒక్కటే అయితే పొగ ఎందుకు అంటుకుంది అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీ నుంచి "మైనం ఆవిరవుతోందా టీచర్?" అన్న గొంతు వినబడింది. ఘనం, ద్రవం, వాయువు పాఠం నేను జూన్‌లో మూడు రోజులు చెప్పాను. అది ఆ పిల్లవాడికి అందింది ఆ క్షణంలోనే అనిపించింది.

ఈ కొవ్వొత్తి వెనక పెద్ద చరిత్ర ఉంది, గైడులో ఒక్క ముక్క కూడా లేదు. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825 నుంచి క్రిస్మస్ సెలవుల్లో పిల్లల కోసం సైన్సు ఉపన్యాసాలు ఇస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి 1939 నుంచి 1942 దాకా ఆగాయి, తర్వాత మళ్లీ మొదలయ్యాయి. మైకేల్ ఫారడే ఒక్కడే 19 సెలవుల్లో చెప్పాడు. 1848లోనూ మళ్లీ 1860లోనూ ఆయన తీసుకున్న వస్తువు ఒక్క కొవ్వొత్తి. పొగలోంచి మంట దూకే ప్రయోగం కూడా ఆయన చూపించినదే. సెలవుల సంబరం ముందు సైన్సు నిలబడుతుందా అని నాకు ఎప్పుడు అనుమానం వచ్చినా ఆయనే గుర్తొస్తాడు. పిల్లలకు ఇదంతా చెప్పాక, ఒక్క కొవ్వొత్తి మీద అన్ని రోజులు ఏం చెప్పి ఉంటాడని అడిగారు. ఆ ప్రశ్న వాళ్లకే ఇంటిపనిగా ఇచ్చాను.

క్యాలెండర్ షీటు కూడా బాగుంది. కొన్ని పండుగలు ఏటా ఒకే తేదీకి, కొన్ని వేరే వేరే తేదీలకు ఎందుకు వస్తాయన్నది ప్రశ్న. చంద్రుడి నెల 29.53 రోజులు, పన్నెండు నెలలకు 354 రోజుల పైన కాస్త. సూర్యుడి సంవత్సరానికి దాదాపు 11 రోజులు తక్కువ. ఇంతవరకు షీటులో ఉంది. నేను ఇంకో మెట్టు ఎక్కించాను. 19 సంవత్సరాలకు ఎన్ని రోజులు, 235 చంద్ర మాసాలకు ఎన్ని రోజులు, దశాంశాలతో గుణించి చూడండి అన్నాను. రెండూ 6939న్నర దాటి, దాదాపు రెండు గంటల తేడాతో పక్కపక్కనే వచ్చాయి. మేటన్ అనే గ్రీకు ఖగోళ శాస్త్రవేత్త పేరు మీద దీన్ని మెటానిక్ చక్రం అంటారు. దశాంశ గుణకారం అంటే మొహం ముడుచుకునే పిల్లలు, తమ 19వ పుట్టినరోజు నాటి చంద్రుడు తాము పుట్టిన రోజు చంద్రుడిలాగే ఉంటాడని తెలిసి రెండోసారి కూడా గుణించి సరిచూసుకున్నారు.

కాగితపు మంచు పూల షీటులో మడతలు సరిదిద్దుకోవాలి. వాళ్లిచ్చినట్టు సగానికి, మళ్లీ సగానికి మడిస్తే నాలుగు కొసలు వస్తాయి. మంచు స్ఫటికానికి ఆరు. సగానికి మడిచాక మూడు భాగాలుగా మడిస్తే సరిపోతుంది, 60 డిగ్రీల కోణం కూడా కొలిచినట్టవుతుంది. అలంకరణ బల్బుల షీటులో టార్చి బల్బులు, సెల్స్‌తో సీరీస్ (బల్బులన్నీ ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి), పారలల్ (ఒక్కో బల్బుకు విడి దారి) వలయాలు కట్టించాను. ఒక బల్బు తీస్తే ఒక దండ మొత్తం ఆరిపోయి, ఇంకోటి ఎందుకు వెలుగుతూనే ఉందో తామే కనుక్కున్నారు. ఇంట్లో ప్లగ్గులో పెట్టే దండల మీద ఈ ప్రయోగం చేయకూడదని ముందే గట్టిగా చెప్పాలి. షీటులో ఆ హెచ్చరిక లేదు.

ఒక షీటు గురించి రాయకుండా ఉండలేను. 31వది, "మా ఇంట్లో పండుగ". మీ ఇంట్లో పండుగ ఎలా చేస్తారు, ఏమేం కొన్నారు, పదిహేను వాక్యాలు రాయండి అని ఉంది. ఆలోచించకుండా పంచేశాను. అందరూ రాస్తున్నారు, ఒక్కడు పెన్ను మూత తీయలేదు. దగ్గరికి వెళ్తే మెల్లగా "మా ఇంట్లో ఈసారి పండుగ లేదు టీచర్, తాతయ్య పోయారు" అన్నాడు. నాకు మాట రాలేదు. వాళ్ల తాతయ్య పోయిన సంగతి నాకు తెలుసు, అయినా షీటు పంచేటప్పుడు తట్టలేదు. ఇంకో రెండు బెంచీల అవతల, ఏమీ కొనని ఇంటి పిల్ల పక్కవాళ్ల జాబితా చూసి రాస్తోంది. ఆ పండుగే చేసుకోని ఇళ్ల పిల్లలు కూడా క్లాసులో ఉంటారు.

షీట్లన్నీ వెనక్కి తీసేసుకున్నాను. బోర్డు మీద వేరే ప్రశ్న రాశాను: మీకు తెలిసిన ఒక పెద్దవాళ్లు చెప్పిన పాత రోజుల సంగతి ఒకటి రాయండి, అప్పుడు వాళ్లకు ఎన్నేళ్లు, ఇప్పటికి ఎన్నేళ్లయింది లెక్కగట్టండి. ఆ అబ్బాయి వాళ్ల తాతయ్య సైకిల్ నేర్చుకున్న కథ రాశాడు. రెండు పేజీలు. గంట కొట్టాక కూడా రాస్తూనే ఉన్నాడు.

ప్రింట్ గురించి ఒక మాట. చాలా షీట్లకు నల్లటి రాత్రి ఆకాశం నేపథ్యంగా పెట్టారు, ఇంకు అంతా దానికే అయిపోతుంది. ప్రింట్ ముందు గ్రేస్కేల్ ఎంచుకుని, వీలైతే నేపథ్యం తీసేయండి. గైడులో చెప్పిన సమయాలు నమ్మొద్దు. 20 నిమిషాలన్న చీటీల షీటుకు 80 పట్టింది, 40 అన్న వర్డ్ సెర్చ్ 15లో అయిపోయింది. సెలవుల తర్వాత చేయించడానికి ఒక్క షీటు కూడా లేకపోవడం పెద్ద లోటు. బడి తెరిచిన రోజు నేనే ఐదు ప్రశ్నలు అడిగాను. పొగ ఎందుకు అంటుకుందో 40లో 31 మంది సరిగ్గా రాశారు. చీటీల శాతం 26 మందికి గుర్తుంది. రంగుల షీటులో ఏ లెక్కలు చేశారో అడిగితే, అందులో ఉన్న బొమ్మ పేరు రాశారు.

జవాబుల పట్టికలో తప్పు గురించీ కొవ్వొత్తి వివరణ గురించీ వాళ్లకు ఈమెయిల్ పెట్టాను. తప్పు పట్టుకున్నది ఏడో తరగతి అమ్మాయి అని కూడా రాశాను. మూడు వారాలకు జవాబు వచ్చింది, 17వ షీటు సరిదిద్ది పంపారు. ఇప్పుడు అందులో 9 అని ఉంది. ఆ ఈమెయిల్ ప్రింట్ తీసి ఆ పిల్లకు ఇచ్చాను. 23వ షీటు మాత్రం ఈ రోజుకీ పాతదే ఉంది, వాడేవాళ్లు కింద చివరి రెండు లైన్లు కొట్టేసి పంచండి.